చక్రాల మీద కాపురం: 28 అడుగుల ట్రెయిలర్ పని డైరీ

జనవరి, రెండో వారం

బండి 2017 నాటిది. 28 అడుగుల ట్రావెల్ ట్రెయిలర్, రెండు ఇరుసులు, హాల్లో ఒక స్లైడౌట్ (బండి ఆపాక పక్కకు బయటికి జరిగే గది భాగం). లాగేది త్రీ క్వార్టర్ టన్ ట్రక్కు, మామూలు హాఫ్ టన్ కన్నా ఎక్కువ బరువు మోసే రకం. పని జరిగేది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. ఏప్రిల్‌లో అపార్ట్‌మెంటు లీజు అయిపోతుంది, ఆలోగా ఇద్దరం ఇందులోకి మారాలి, ఇద్దరి ఉద్యోగాలూ ఇందులోంచే నడవాలి.

సెలవులకు వాడే ట్రెయిలర్‌కు ఆరడానికి టైముంటుంది. నెలకు నాలుగు రోజులు వాడతారు, మిగతా రోజులు తలుపులేసి ఎండలో నిలబెడతారు. కాపురం ఉండే ట్రెయిలర్ ఆరదు. రోజూ వంట, రోజూ స్నానాలు, రాత్రంతా ఇద్దరి ఊపిరి. అందుకే ఈ డైరీలో సగానికి సగం నీటి లెక్కే ఉంటుంది.

మొదటి పని చెమ్మ వెతకడం. పిన్నులున్న మాయిశ్చర్ మీటరు కొని లోపలి గోడలన్నీ అడుగుకో చోట గుచ్చి చూశాం. పొడి చెక్క 8 నుంచి 14 శాతం చూపిస్తుంది, 20 దాటితే లోపల తడి ఉన్నట్టే. తప్పకుండా గుచ్చాల్సినవి నాలుగు మూలలు, కిటికీల కింది అంచులు, స్లైడౌట్ కింద నేల, పైకప్పు వెంట్ల చుట్టూ, షవరు గోడ వెనకున్న అలమర లోపలి వైపు. అన్ని చోట్లా 11, 12 వచ్చింది. ముందు వైపు ఎడమ మూలలో, మంచం కింద, 27.

పైకి ఏమీ తెలియదు. గోడ కాగితం మీద మచ్చ లేదు, చేత్తో నొక్కితే గట్టిగానే ఉంది. పలక ఊడదీస్తే స్టేపుల్స్ తుప్పుపట్టి ఉన్నాయి, వెనకున్న గ్లాస్‌వూల్ నల్లబడి ముద్దయింది. నిలువు కర్ర అడుగుభాగం నానిన అటుకుల్లా చేతికే ఊడి వచ్చింది. స్క్రూడ్రైవరుతో పొడుస్తూ పైకి వెళితే 14 అంగుళాల ఎత్తున గట్టి చెక్క తగిలింది.

కారణం అక్కడ లేదు, దానికి ఆరడుగుల పైన ఉంది. బయట మూల మీద ఉండే అల్యూమినియం పట్టీ గాడిలో ఒక వినైల్ టేపు ఉంటుంది. అది ఎండకు కుంచించుకుపోయి పై కొసన ముప్పావు అంగుళం ఖాళీ వదిలింది. ఆ ఖాళీలో స్క్రూలు వానకు తడిసి తుప్పుపట్టాయి, పట్టీ కింద పుట్టీ ఎండి పెళుసయింది. నీళ్లు పైన దూరి, కర్ర వెంట జారి, కింద తేలాయి. తడి కనిపించిన చోట సీలెంట్ పూసి ఊరుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. నీటి దారి ఎప్పుడూ పై నుంచి వెతకాలి.

జనవరి, మూడు నాలుగు వారాలు

కుళ్లిన కర్రను గట్టి చెక్క దాకా కోసేశాం. చుట్టూ ఉన్నది ఆరాలి, తడి మీద మూసేస్తే మళ్లీ కుళ్లుతుంది. ఒక ఫ్యాను, గాలిలో తేమ లాగే డీహ్యుమిడిఫయరు ఒకటి పెట్టి రోజూ మీటరు చూస్తే ఆరో రోజుకు 13కు దిగింది. అప్పుడు కొత్త కర్ర. పాతదాని పక్కన ఒక అడుగు ఎక్కువ పొడుగు పెట్టి, రెంటినీ జిగురుతోను, స్క్రూలతోను కలిపాం. కొత్త ఇన్సులేషన్, కొత్త పలక.

బయటి పట్టీ మొత్తం విప్పి పాత పుట్టీని ప్లాస్టిక్ గోకుడుతో తీశాం. లోహపు గోకుడు వాడితే ఫైబర్‌గ్లాసు గీసుకుపోతుంది. దాని చోట అంగుళం వెడల్పు బ్యూటైల్ టేపు (జిగటగా ఉండే రబ్బరు పట్టీ), కొత్త స్టెయిన్‌లెస్ స్క్రూలు. స్క్రూలు ఒకేసారి బిగించకూడదు. అన్నీ ముప్పావు వంతు బిగించి, ఒక రోజు ఎండలో వదిలి, మర్నాడు పూర్తిగా బిగిస్తే టేపు మెత్తబడి సమంగా పరుచుకుంటుంది. పక్కలకు పొంగిందాన్ని ప్లాస్టిక్ కత్తితో కోసెయ్యాలి.

తర్వాత పైకప్పు. ఇది రబ్బరు పొర. దాని మీద పడుకుని ఉండే అంచులకు దానంతట అదే పరుచుకునే డైకార్ లాంటి ల్యాప్ సీలెంట్, నిలువు అంచులకు జారనిది. వెంట్లు, స్కైలైటు, ఏసీ దగ్గరి వైరు బొక్క, ముందూ వెనకా అతుకులు అన్నీ కలిపి 9 ట్యూబులు పట్టాయి. పాత సీలెంట్ గట్టిగా అతుక్కునే ఉంటే గోకక్కర్లేదు, కడిగి, ఆల్కహాల్‌తో తుడిచి దాని మీదే వెయ్యొచ్చు. అంచు లేచినదీ, పగుళ్లు విచ్చినదీ మాత్రం తీసెయ్యాలి. మామూలు సిలికాన్ పైకప్పు దగ్గరికి రానివ్వకండి. ఒకసారి పూస్తే దాని మీద ఇంకేదీ అంటదు, పూర్తిగా తియ్యడం నరకం. ఈ బండికి స్కైలైటు చుట్టూ ఎవరో అదే పూశారు, ఆ రెండు మూరల మేర గోకడానికే ఒక పూట పోయింది.

పైకప్పు ఇక మీదట ప్రతి మూడు నెలలకీ చూడాలి.

ఫిబ్రవరి, మొదటి వారం

టైర్లు. టైరు పక్కన అచ్చు వేసి ఉండే డాట్ కోడ్ (తయారీ వివరాల కోడ్) చివరి నాలుగు అంకెలు 3517, అంటే 2017లో 35వ వారం. పెద్దగా అరగలేదు, పైకి కొత్తవాటిలా ఉన్నాయి. అయినా తీసేశాం. ట్రెయిలర్ టైరు అరిగి పోదు, వయసు మీరి పగులుతుంది, పగిలినప్పుడు చక్రం పైనున్న నేలనూ గ్యాస్ పైపునూ చీరేస్తుంది. పాతవి ఎస్‌టీ225/75ఆర్15, లోడ్ రేంజ్ (ఎంత బరువు మోస్తుందో చెప్పే తరగతి) డి. అదే సైజులో లోడ్ రేంజ్ ఇ వేశాం. 80 పీఎస్‌ఐ గాలి ఒత్తిడి దగ్గర ఒక్కొక్కటీ 2,830 పౌండ్లు మోస్తుంది. రిమ్ము కూడా 80కి తట్టుకుంటుందో లేదో దాని వెనక ముద్ర చూసి తెలుసుకోవాలి. రబ్బరు వాల్వులు తీయించి లోహపువి పెట్టించాలి.

బేరింగులకు గ్రీజు మార్చాం. చక్రం నట్లు టార్క్ రెంచితో బిగించి, 10, 25, 50 మైళ్ల దగ్గర మళ్లీ చూశాం. 25 మైళ్ల దగ్గర రెండు నట్లు పావు చుట్టు తిరిగాయి. కొత్తగా వేసిన చక్రానికి అది మామూలే, చూడకుండా హైవే ఎక్కడమే ప్రమాదం.

ఫిబ్రవరి, రెండు మూడు వారాలు

కరెంటు. ఈ బండికి 30 ఆంప్‌ల వైరు, 120 వోల్టులు. మొత్తం 3,600 వాట్లు. గంటల తరబడి వాడేటప్పుడు అందులో 80 శాతం, అంటే 24 ఆంప్‌లు దాటకుండా చూసుకోవాలి. మన వంటింటికి అది ఇలా చాలదు:

ఏసీ 13 ఆంప్‌లు
ఇండక్షన్ పొయ్యి పూర్తి మంటలో 15
మైక్రోవేవ్ 13
నీళ్ల హీటరు కరెంటు మీద 12
ఇన్‌స్టంట్ పాట్ 8
750 వాట్ల మిక్సీ 6

ఏసీ నడుస్తుండగా ఇండక్షన్ వేస్తే 28, ఎవరైనా హీటరు స్విచ్చు మర్చిపోతే 40. బ్రేకరు పడుతుంది. అది పడకముందే ప్లగ్గు వేడెక్కుతుంది, అది ఇంకా చెడ్డది. హీటరును గ్యాస్ మీదకి మార్చాం. పొయ్యి పక్కన గోడకు పైనున్న అంకెల కాగితం అంటించాం, ఇద్దరిలో ఎవరు వంట చేసినా దాన్ని చూసే స్విచ్చు వేస్తారు. ఇంకో మెలిక ఉంది. వంటగట్టు మీది సాకెట్లన్నీ ఒకే 15 ఆంప్‌ల బ్రేకరు మీద ఉన్నాయి. అందుకని ఇండక్షన్‌ను 1,300 వాట్లకు మించి పెట్టం, మిక్సీ తిప్పేటప్పుడు దాన్ని ఆపుతాం.

ఇండియా నుంచి తెచ్చిన 230 వోల్టుల గ్రైండరు, మిక్సీ ఇక్కడ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా పనికిరావు, ట్రాన్స్‌ఫార్మరు బరువు వేరే. 110 వోల్టులవి కొనుక్కోవడమే మేలు.

ప్లగ్గు గురించి. పాత వైరు కొసన ట్రెయిలర్ వైపు తగిలే ఆడ ప్లగ్గు లోపల ఒక బద్దీ ఇటుకరంగుకి తిరిగి, మీద చిన్న చిన్న గుంటలు పడి ఉంది. చుట్టూ ప్లాస్టిక్ కాస్త ఉబ్బింది. వదులుగా తగులుతూ లోపల నిప్పురవ్వలు కొట్టిన గుర్తు అది. గీకి వాడితే నెల తిరక్కుండా కాలుతుంది, ఆ కొస మార్చేశాం. ట్రెయిలర్లు నిలిపే పార్కులో కరెంటు స్తంభం దగ్గర బ్రేకరు ఆపి, ప్లగ్గు పెట్టి, ఆ తర్వాతే బ్రేకరు వెయ్యాలి. లోడు మీద ప్లగ్గు లాగడం వల్లే ఈ గుంటలు పడతాయి.

వోల్టేజి కాపలాకు ఈఎంఎస్ పెట్టెను ముందుగా స్తంభానికి తగిలించి, దాని తర్వాత మన వైరు. వేసవిలో పార్కంతా ఏసీలు వేస్తే వోల్టేజి పడిపోతుంది, 104 కన్నా తగ్గితే అది కరెంటు తెంపేస్తుంది. ఏసీ కంప్రెసరు దానివల్లే బతుకుతుంది. ఇంటి గోడకు ఆర్‌వీ (ఇలాంటి కాపురపు బండి) సాకెట్ పెట్టించుకునేవాళ్లకు ఒక హెచ్చరిక: 30 ఆంప్‌ల ఆర్‌వీ సాకెట్ చూడ్డానికి బట్టల డ్రయ్యరు సాకెట్‌లా ఉంటుంది, ఎలక్ట్రీషియన్ అలవాటు కొద్దీ 240 వోల్టులు ఇచ్చేస్తాడు. మీటరుతో 120 చూసుకోకుండా బండి తగిలించకండి.

బ్యాటరీలు రెండు, ఒక్కొక్కటీ 100 ఆంప్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్. కలిపి 2,560 వాట్ అవర్లు. రోజు ఖర్చు: స్టార్‌లింక్ (ఉపగ్రహ ఇంటర్నెట్) 60 వాట్ల చొప్పున 10 గంటలు, 600. రెండు ల్యాప్‌టాపులూ స్క్రీన్లూ 8 గంటలు, 960. ఫ్రిజ్ సుమారు 770. లైట్లు, పంపు, ఫ్యాను 150. మొత్తం 2,480. బ్యాటరీకీ ఖర్చుకీ సరికి సరి, మిగులు ఏమీ లేదు. పైన 400 వాట్ల సోలార్ మంచి ఎండలో రోజుకు 1,200 నుంచి 1,500 ఇస్తుంది. అంటే హుకప్ (పార్కు కరెంటు, నీళ్ల కనెక్షన్) లేని చోట రెండు పనిదినాలు గడుస్తాయి, మూడో రోజు జనరేటరు తియ్యాలి. బయటి కరెంటుతో బ్యాటరీని ఛార్జి చేసే పాత కన్వర్టరు 13.6 వోల్టుల దగ్గరే ఆగిపోయేది, లిథియం బ్యాటరీ త్వరగా నిండేది కాదు. 14.4 ఇచ్చేదానితో మార్చాం. 32 ఫారన్‌హీట్ కంటే చలిలో లిథియంను ఛార్జి చేస్తే సెల్ శాశ్వతంగా పాడవుతుంది, అందుకే బ్యాటరీలను బయట నాలుక (ట్రక్కుకు తగిలే ముందు కొస) మీది పెట్టెలోంచి తీసి మంచం కిందికి తెచ్చాం.

మార్చి, మొదటి వారం

నీళ్లు పట్టే టాంకు 48 గ్యాలన్లు, బూడిదనీటిది (సింకు, స్నానం నీళ్లు) 38, నల్లనీటిది (టాయిలెట్) 30.

ముందు టాంకు శుద్ధి. వాసన కలపని మామూలు బ్లీచు, 15 గ్యాలన్లకు పావు కప్పు. మన టాంకుకు ముప్పావు కప్పు మీద ఒక చెంచా. ఒక గ్యాలన్ నీళ్లలో కలిపి పోసి, టాంకు నింపి, ప్రతి కుళాయినీ బ్లీచు వాసన వచ్చేదాకా తిప్పాం. బయటి షవరు కుళాయి మర్చిపోవద్దు. 12 గంటలుంచి ఖాళీ చేసి, రెండుసార్లు మంచినీళ్లతో కడిగాం.

లీకుల పరీక్ష చవకది, గట్టిది. పంపు వేసి కుళాయిలన్నీ కట్టెయ్యాలి. పంపు ఆగాక పావుగంటలో దానంతట అదే ఒక్కసారి గుర్రుమన్నా ఎక్కడో చుక్క పోతోంది. ప్రతి జాయింటు కిందా టాయిలెట్ కాగితం ముక్క పరిచి గంట తర్వాత చూస్తే తడిసింది పట్టిస్తుంది. సింకు కింద మోచేయి జాయింటు దొరికింది, కొత్త రింగు వేసి నొక్కాం.

పార్కు కుళాయికి 45 నుంచి 50 పీఎస్‌ఐ మధ్య పెట్టిన ఇత్తడి రెగ్యులేటరు, ఆ తర్వాత ఫిల్టరు, ఆ తర్వాత తాగునీటి గొట్టం. రెగ్యులేటరు కుళాయి వైపే ఉండాలి, లేకపోతే గొట్టమే పగులుతుంది.

హీటరు టాంకు ఉక్కుది కాబట్టి అందులో యానోడ్ కడ్డీ ఉంటుంది. హీటరు ఆపి, చల్లారాక, నీళ్లు కట్టేసి, ప్రెషరు వదిలి, 1-1/16 అంగుళాల సాకెట్‌తో విప్పాలి. బొటనవేలంత లావుండాల్సిన కడ్డీ లోపలి తీగ ఒక్కటే మిగిలి వచ్చింది. అది తినబడితేనే టాంకు బతుకుతుంది, ఇక తినడానికి ఏమీ లేకపోతే తుప్పు టాంకు మీద పడుతుంది.

నల్లనీటి వాల్వు పార్కులో పైపు తగిలించి ఉన్నా సరే మూసే ఉంచాలి. తెరిచి వదిలితే నీరు పోతుంది, గట్టిది పేరుకుని గుట్టలా గడ్డకడుతుంది. మూడింట రెండు వంతులు నిండాక ముందు దాన్ని వదిలి, వెంటనే బూడిదనీటితో గొట్టం కడగాలి. మనం కాగితం కాక నీళ్లు వాడతాం కాబట్టి ఈ టాంకు మనకు మేలే చేస్తుంది: త్వరగా నిండుతుంది, అడుగున గడ్డకట్టదు.

బూడిదనీటి సంగతి తిరగబడుతుంది. బియ్యం కడిగిన నీళ్లలో జారిన గింజలు, ఆవాలు, కరివేపాకు, పప్పు అడుగు, కూర నూనె. గింజ టాంకులో ఉబ్బి పులుస్తుంది, నూనె గోడలకు పట్టి టాంకు ఎంత నిండిందో చూపే మీటరు పిన్నులను కప్పేస్తుంది, ఖాళీ టాంకు కూడా నిండినట్టు చూపిస్తుంది. సింకులో సన్నకన్ను జాలీ పెట్టాం, నూనె గిన్నెలను ముందు కాగితంతో తుడిచి తర్వాతే కడుగుతున్నాం.

ఇద్దరి వాడకం రోజుకు 19 గ్యాలన్లు, అందులో 16 బూడిదనీటి టాంకుకు పోతుంది. రెండున్నర రోజుల్లో ఇటు టాంకు ఖాళీ, అటు టాంకు నిండు. స్నానానికి షవరు కన్నా బక్కెట్టూ మగ్గూ నయం. మూడు గ్యాలన్ల బక్కెట్టులో ఎంత పోసుకున్నామో కంటికి కనిపిస్తుంది.

మార్చి, మూడో వారం

తూకం. ట్రక్ స్టాపులో క్యాట్ స్కేలు (లారీలు తూచే కాటా) మీద. ట్రెయిలర్ మీద రాసిన గరిష్ఠం 7,600 పౌండ్లు. కొన్న రోజు ఖాళీగా తూస్తే 6,120. ఇప్పుడు సామాను సర్ది, నీళ్లు మూడో వంతు పోసి మూడు తూకాలు: ట్రక్కు ఒక్కటే, ట్రెయిలర్ తగిలించి స్ప్రింగ్ బార్లు (నాలుక బరువును ట్రక్కు ముందు ఇరుసుకూ పంచే కడ్డీలు) లేకుండా, బార్లతో.

ట్రక్కు ఒక్కటే 7,440. తగిలించాక బార్లు లేకుండా ట్రక్కు ఇరుసుల మీద 8,380, ట్రెయిలర్ ఇరుసుల మీద 6,500. తేడా 940, అదే నాలుక బరువు. ట్రెయిలర్ మొత్తం 7,440, నాలుక 12.6 శాతం. 10 కన్నా తగ్గితే బండి వెనక ఊగుతుంది, 15 దాటితే ట్రక్కు వెనక కుంగి ముందు చక్రాలు తేలికవుతాయి. బార్లు వేశాక ముందు ఇరుసు పోగొట్టుకున్న 360లో 240 వెనక్కి వచ్చింది.

గరిష్ఠానికి మిగిలింది 160 పౌండ్లు. గ్యాలన్ నీళ్లు 8.34 పౌండ్లు. టాంకు నింపితే ఇంకో 267 పెరిగి పరిమితి దాటుతాం. కాబట్టి ప్రయాణంలో మూడో వంతుకు మించి నీళ్లుండవు, దిగే చోటికి దగ్గర్లో నింపుకోవాలి.

సామానే 1,000 పౌండ్లు. ప్రతి పెట్టెనూ బాత్రూము త్రాసు మీద తూచి రాశాం. మూడు కుక్కర్లలో రెండు, గాజు ఊరగాయ జాడీలు, 20 పౌండ్ల రెండో బియ్యం బస్తా తీసేశాం. ఇనప పెనం ఉంచాం.

లాగే బండి కొనేవాళ్లకు: ప్రకటనలో 11,000 పౌండ్లు లాగుతుందని రాస్తారు. మీరు చూడాల్సింది డ్రైవరు తలుపు మీద పసుపు స్టిక్కరు, ట్రక్కు తన మీద ఎంత బరువు మోయగలదో అందులో ఉంటుంది. మా లెక్క నాలుక 940, హిచ్ (ట్రెయిలర్ తగిలించే కొక్కెం) 100, మనుషులు 310, వెనక సామాను 420, మొత్తం 1,770. స్టిక్కరు 1,500 చూపించే హాఫ్ టన్ ట్రక్కు 270 పౌండ్లు తక్కువ పడుతుంది, ఇంజను ఎంత గట్టిదైనా సరే.

అదే వారం, కాగితాలు

ఎక్కువమంది చిరునామాకు టెక్సస్, ఫ్లోరిడా, సౌత్ డకోటా ఎంచుకుంటారు, మూడింటిలోనూ రాష్ట్ర ఆదాయపన్ను లేదు, ఉత్తరాలు పంపే సేవలున్నాయి. బ్యాంకులు ఆ చిరునామాను నివాసంగా ఒప్పుకోకపోవచ్చు, ముందే అడగండి. ఇన్సూరెన్సు ఫుల్ టైమర్ పాలసీయే (బండిలోనే కాపురం ఉండేవాళ్లది) కావాలి. మామూలు పాలసీ తీసుకుని కాపురం పెడితే క్లెయిము తిప్పికొట్టొచ్చు.

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు ఇది రెండుసార్లు చదవండి. ఇంటి నుంచి పనిచేస్తే ఆ ఇల్లే పనిచోటు. ఎల్‌సీఏలో (వీసా కోసం కంపెనీ కార్మిక శాఖకు ఇచ్చే దరఖాస్తులో) రాసిన మెట్రో ప్రాంతం దాటి పనిచోటు మారితే, మారకముందే కంపెనీ సవరించిన పిటిషన్ వెయ్యాలి. నెలకో రాష్ట్రం తిరగడం ఆ వీసా మీద కుదరదు. అదే మెట్రోలో ఒక పార్కులో ఉండొచ్చు, అప్పుడు కూడా చిరునామా మారిన 10 రోజుల్లో ఆ సంగతి ఇమ్మిగ్రేషన్ శాఖకు తెలిపే ఫారం ఏఆర్-11 పెట్టాలి. గ్రీన్‌కార్డు వాళ్లకూ ఏఆర్-11 తప్పదు.

మార్చి, నాలుగో వారం

జో పూల్ లేక్ పక్కన సీడర్ హిల్ స్టేట్ పార్కులో మూడు రాత్రుల పరీక్ష.

నిలబెట్టే వరుస ఖాయమైంది. ముందు అడ్డంగా మట్టం, చక్రాల కింద పలకలతో. తర్వాత చక్రాలకు అడ్డు దిమ్మలు. ఆ తర్వాతే ట్రక్కు విప్పడం. ముందు జాకుతో పొడుగు మట్టం. చివర మూలల స్టెబిలైజర్లు, అవి ఊపు ఆపడానికే, వాటితో బండి ఎత్తితే ఫ్రేము వంగి తలుపు పట్టదు. రివర్సు చేసేటప్పుడు వెనక నిలబడ్డవాళ్లు ఫోనులో మాట్లాడాలి, "నీ వైపు, నా వైపు" అని. కుడి, ఎడమ అంటే అద్దంలో తికమక. ఇద్దరూ రెండు పనులూ నేర్చుకోవాలి. ఒకరికి జ్వరమొస్తే రెండోవాళ్లు బండి కదపగలగాలి.

రెండో రోజు ఉదయం పరుపు అడుగు తడి. కారణం వంట. ఒక పౌండు ప్రొపేన్ మండితే పౌండున్నర పైనే నీటి ఆవిరి పుడుతుంది, దానికి అన్నం, పప్పు ఆవిరి తోడు. అదంతా రాత్రి చల్లటి పలక మీద చేరింది. గదిలో తేమ 71 శాతం. పరుపు కింద గాలాడే చాప వేశాం, చలిలోనూ పనిచేసే డెసికెంట్ (తేమ పీల్చే పదార్థం ఉండే) డీహ్యుమిడిఫయరు పెట్టాం, వంట సేపూ ఆ తర్వాత ఇరవై నిమిషాలూ పైకప్పు ఫ్యాను, ఎదురు కిటికీ రెండంగుళాలు.

ఆ కిటికీ మర్చిపోకూడదు. అన్నీ మూసి ఫ్యాను వేస్తే గాలి దొరక్క టాయిలెట్ నొక్కినప్పుడు టాంకు వాసన పైకి లాగుతుంది. పోపుకు పొగ అలారం మోగిందని బ్యాటరీ తీసేయడం ప్రాణాల మీదకు తెచ్చుకోవడమే. పోపు, వేపుడు బయట బల్ల మీద ఒంటి పొయ్యి మీదకి మార్చాం. గ్యాస్ అలారం నేల దగ్గరే ఉంటుంది, ప్రొపేన్ గాలికన్నా బరువు. దాని ముందు చెప్పుల బుట్ట పెట్టకండి.

ఏప్రిల్ 27

నెల అద్దె పార్కులో మూడు వారాలు. కరెంటు మీటరు వేరే. తేమ ఉదయం 52, సాయంత్రం 46. పంపు రాత్రిపూట తనంతట తాను మోగలేదు. బూడిదనీటి మీటరు సరిగ్గానే చూపిస్తోంది. నిన్న రాత్రి రెండున్నర అంగుళాల వాన పడింది. పొద్దున మంచం కింద ముందు ఎడమ మూలలో మీటరు గుచ్చితే 12. స్కైలైటు దగ్గర 11. తర్వాతి పైకప్పు తనిఖీ జూలై మొదటి వారం, నిచ్చెనకూ రెండు ట్యూబుల సీలెంట్‌కూ ట్రక్కు వెనక చోటు ఉంచాం.